జపాన్ పల్లెలకు ఇంగ్లిష్ టీచర్లు నిలవాలి

జపాన్‌లో ఐదు, ఆరు తరగతుల పిల్లలకు 2020 నుంచి ఇంగ్లిష్ మార్కులుండే సబ్జెక్టు అయింది. మూడో తరగతి నుంచే మాటలు, ఆటలతో పరిచయం మొదలవుతుంది. బోధించే భారం చాలాచోట్ల అన్ని సబ్జెక్టులూ చెప్పే క్లాసు టీచరు మీదే పడింది. నగరంలో పిల్లలకు సంభాషణ నేర్పే ‘ఎయికైవా’ శిక్షణ కేంద్రాలు వీధికొకటి ఉంటాయి. జనం తగ్గి, బడులే మూతపడుతున్న కొండ ప్రాంతాల్లో, తీర గ్రామాల్లో మాత్రం విదేశాల నుంచి వచ్చే సహాయ భాషా ఉపాధ్యాయుడే పెద్ద దిక్కు. అందరూ పిలిచే పేరు ఏఎల్‌టీ.

వీరిని రప్పించే జెట్ పథకం 1987లో నాలుగు దేశాలకు చెందిన 848 మందితో మొదలైంది. ఇప్పుడు ఏటా అయిదు వేల మందికి పైగా పనిచేస్తున్నారు. డిగ్రీ ఉంటే చాలు, బోధనార్హత తప్పనిసరి కాదు. ఒప్పందం ఏడాదికే. పొడిగించినా మొత్తం అయిదేళ్లు మించదు. ఊరి యాస, పిల్లల పేర్లు, తోటి టీచర్ల పద్ధతి ఒంటబట్టేసరికి చాలామంది వెళ్లిపోతారు.

జెట్‌కు వెలుపల పరిస్థితి ఇంకా కష్టం. చాలా పురపాలికలు ఏఎల్‌టీలను ప్రైవేటు ఏజెన్సీల ద్వారా తెచ్చుకుంటున్నాయి. పనిని మొత్తంగా ఏజెన్సీకి అప్పగించే ఒప్పందమైతే, ఏఎల్‌టీకి ఆదేశాలిచ్చే అధికారం ఆ ఏజెన్సీదే. చట్టాన్ని కచ్చితంగా పాటిస్తే, పక్కనే నిలబడ్డ జపాన్ టీచరు ‘ఈ వాక్యం మరోసారి చదివించండి’ అని కూడా నేరుగా చెప్పకూడదు. ఇద్దరూ కలిసి పాఠం చెప్పాలన్నదే ఈ ఏర్పాటుకు పునాది. దాన్నే తీసేశాక మిగిలేది ఉచ్చారణ వినిపించే గొంతు మాత్రమే. ఇది పిల్లలకూ, ఆ టీచరుకూ అన్యాయం.

పల్లెలో ఏఎల్‌టీ పని బడి గంటతో ముగియదు. సాయంత్రం ఊరి సామాజిక కేంద్రమైన ‘కోమింకాన్‌’లో పెద్దలకు సంభాషణ తరగతి నడిపేవారున్నారు, పండుగ ఊరేగింపుల్లో భుజం కలిపేవారున్నారు. 2011 సునామీలో ఇషినోమకిలో టేలర్ ఆండర్సన్, రికుజెన్‌తకాతలో మరో అమెరికన్ ఏఎల్‌టీ ప్రాణాలు కోల్పోయారు. టేలర్ తల్లిదండ్రులు అదే ఏడాది నుంచి ఇషినోమకి బడుల్లో ఇంగ్లిష్ పుస్తకాల అరలు పెట్టించడం మొదలుపెట్టారు. ఆ ఊరితో కుదిరిన బంధం ఏ ఒప్పంద పత్రంలోనూ రాసి లేదు.

చిన్న ప్రాంతం కాబట్టి ఫలితాలు రావనే మాట నిలవదు. వరిపొలాలూ సముద్రతీరమూ ఉన్న ఫుకుయి ప్రిఫెక్చర్ (మన రాష్ట్రంలాంటి పాలనా విభాగం) జనాభా సుమారు ఏడున్నర లక్షలే. జాతీయ సర్వేల్లో జూనియర్ హైస్కూలు పిల్లల ఇంగ్లిష్ సామర్థ్యంలో ప్రిఫెక్చర్లలో అదే ముందు వరసలో ఉంటోంది.

జెట్ ఖర్చును కేంద్రం స్థానిక సంస్థలకిచ్చే పన్నుల వాటా ద్వారా భరిస్తోంది. చిన్న పట్టణాలు నేరుగా నియమించుకునే ఏఎల్‌టీలకూ అదే అండ ఇవ్వాలి. అనుభవం, అభిరుచి ఉన్న విదేశీయులకు ప్రత్యేక బోధనా లైసెన్సు ఇచ్చే వీలు చట్టంలో ఇప్పటికే ఉంది. ప్రిఫెక్చర్ విద్యామండళ్లు దాన్ని పల్లె బడుల కోసం ఉదారంగా వాడాలి.