నైట్ సిటీ ఎందుకు, మన జైపూర్ ఉండగా!

గూగుల్‌లో జైపూర్ అని కొడితే హవా మహల్ వస్తుంది. నేను చెప్పేది ఆ జైపూర్ కాదు. మంచిర్యాల జిల్లాలో, గోదావరికి దగ్గర్లో, సింగరేణి థర్మల్ పవర్ ప్లాంట్ ఉన్న జైపూర్. రాత్రిపూట అటువైపు బస్సులో వెళ్లినవాళ్లకు తెలుసు. కాసేపు చీకట్లో పొలాలు, అంతలోనే ఒక్కసారిగా లైట్ల గుట్ట, పొడుగాటి చిమ్నీ, దాని కొసన మినుకుమినుకుమనే ఎర్ర దీపం. సైబర్‌పంక్ గేమ్‌కి ఇంతకన్నా మంచి పోస్టర్ ఏముంటది?

సైబర్‌పంక్ అనగానే చాలామందికి 2020 డిసెంబర్‌లో వచ్చిన 'సైబర్‌పంక్ 2077' వీడియో గేమే గుర్తొస్తుంది. దానికి తాత ఒకటుంది. మైక్ పాండ్‌స్మిత్ అనే అమెరికన్ డిజైనర్ 1988లో తెచ్చిన టేబుల్‌టాప్ గేమ్. దాంట్లో స్క్రీన్ ఉండదు, కంట్రోలర్ ఉండదు. నలుగురైదుగురు ఒకచోట కూర్చుంటారు. కథ నడిపే మనిషి గేమ్ మాస్టర్, మిగతావాళ్లకు తలో పాత్ర. "నేను గోడ దూకుతా" అంటే దూకినట్టు కాదు, పాచిక వెయ్యాలి. ఇప్పటి ఎడిషన్ 'సైబర్‌పంక్ రెడ్'లో లెక్క సింపుల్. మీ పాత్ర సత్తా, నేర్చుకున్న విద్య, పది ముఖాల పాచిక మీద పడ్డ అంకె, ఈ మూడూ కలపాలి. గేమ్ మాస్టర్ పెట్టిన నంబర్ దాటితే పని అయినట్టే.

ఇట్లా వారాల తరబడి సాగే కథను క్యాంపెయిన్ అంటారు. మా గ్యాంగ్‌లో ఐదుగురం. అందరం హైదరాబాద్‌లో కోడ్ రాసుకుని బతికేవాళ్లమే. ముగ్గురివి బొగ్గుబాయి కుటుంబాలు. ఇప్పటికి మూడు క్యాంపెయిన్లు ఆడాం. మూడింట్లోనూ అదే వాన, అవే నియాన్ బోర్డులు, అదే కంపెనీ టవర్‌లోకి దూరి చిప్ కొట్టేసుకురావడం. నాలుగోది మొదలుపెట్టేముందు మావాడొకడు అన్నాడు: "అరె, మన కాడ కంపెనీ లేదా ఏంది?"

ఎందుకు లేదు? రామగుండం, గోదావరిఖని, శ్రీరాంపూర్, జైపూర్... మా వైపు 'కంపెనీ' అంటే ఏ కంపెనీ అని ఎవరూ అడగరు. 1871లో విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టిన దగ్గర మొదలైన కథ ఇది. 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ అన్న పేరొచ్చింది. క్వార్టర్ కంపెనీది, కరెంటు కంపెనీది, నీళ్లు కంపెనీవి, దవాఖాన కంపెనీది. సైబర్‌పంక్ రచయితలు భయపడుతూ ఊహించిన లోకంలో మేం మామూలుగా పుట్టి పెరిగాం.

కాకపోతే రెండు తేడాలున్నాయి. ఈ కంపెనీలో 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. అంటే టవర్ పైఅంతస్తులో కూర్చున్నది ఎవరో సూటు వేసుకున్న దొర కాదు, మనం ఓటేసిన సర్కారు. ఇక రెండోది. మావాళ్లు పొద్దున కంపెనీని తిడతారు, సాయంత్రం "కంపెనీ లేకుంటే మన బతుకులేంది" అంటారు. ఈ రెండు మాటలూ కథలో పడితేనే అది మా ఊరి గేమ్ అవుతుంది. ఉత్త విలన్‌ని పెట్టుకుంటే రెండు శనివారాల్లో బోర్ కొడుతుంది.

మేం రాసుకున్న నాలుగు ఐడియాలు ఇవి. కాలం 2077. పునాదులు మాత్రం ఇవాళ్టివే.

1. నాన్న చెయ్యి

కార్మికుడు చనిపోయినా, మెడికల్‌గా అన్‌ఫిట్ అయినా ఇంట్లో ఒకరికి ఉద్యోగం వస్తుంది. మా దగ్గర ఎన్ని ఇళ్ల కథలు దీని చుట్టూ తిరిగాయో లెక్కలేదు. 2077లో ఉద్యోగం కాగితం మీద ఉండదు, కంపెనీ అమర్చిన మర చేతిలో ఉంటుంది. నాన్న పోయాక ఆ చెయ్యి ఎవరు పెట్టించుకుంటే ఉద్యోగం వాళ్లది. సొంత చెయ్యి మాత్రం తీసేయాలి. ఇంట్లో ఇద్దరు పిల్లలు. చెయ్యి ఒకటే. పైగా ఆ చేతికి నాన్న పని తీరంతా గుర్తుంది. ప్రమాదం రోజు ఏం జరిగిందో కూడా గుర్తుంది.

మేం ఇది ఆడినప్పుడు మూడు గంటల్లో ఒక్క పాచిక కూడా వెయ్యలేదు. అక్క పాత్ర ఆడుతున్న ఫ్రెండ్ "ఆ చెయ్యి నాకు పెట్టుండ్రి, తమ్ముడు చదువుకుంటడు" అంది. భూగర్భ గనుల్లో ఆడవాళ్ల పనిపై ఉన్న నిషేధాన్ని కేంద్రం సడలించింది 2019లోనే. అది తెలిసినవాళ్లం కాబట్టి ఆ మాట బరువు మాకు అర్థమైంది. కాసేపు ఎవరం మాట్లాడలేదు.

2. బాయిలో సిగ్నల్ ఉండదు

'రెడ్'లో హ్యాకర్ ఇంట్లో కూర్చుని ప్రపంచాన్ని హ్యాక్ చెయ్యలేడు. పాత నెట్ కూలిపోయింది కాబట్టి సర్వర్ దగ్గరికి స్వయంగా పోవాలి. బొగ్గుబాయికి ఈ రూల్ అచ్చంగా కుట్టించినట్టు సరిపోతుంది. కంపెనీ తన పాత రికార్డులన్నీ ఎప్పుడో మూసేసి, ఇసుక నింపి, సీల్ వేసిన బాయి అడుగున దాచిందనుకోండి. హ్యాకర్ కూడా నెత్తిన క్యాప్‌ల్యాంప్ పెట్టుకుని దిగాల్సిందే.

ఇక్కడ అసలు మజా తుపాకీది. గాలిలో మీథేన్ సుమారు 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు, పేలిపోతుంది. అంటే ఎంత పెద్ద గన్ ఉన్నా కాల్చలేరు. కాగితం మీద ఒక గుండ్రం గీసి ఆరు ముక్కలు చెయ్యండి. పాచిక మీద 1 పడ్డప్పుడల్లా ఒక ముక్క నింపండి. ఆరూ నిండితే గ్యాస్ ఆ శాతానికి చేరినట్టు. సిక్స్ ప్యాక్ సోలో హీరోలు కూడా అప్పుడు ముసలి సర్దార్ మాట వింటారు.

3. గేట్లు ఎత్తేదెవరు?

జైపూర్ ప్లాంట్‌లో రెండు యూనిట్లు, కలిపి 1,200 మెగావాట్లు. దాని రిజర్వాయర్ నీళ్ల మీద 2023 నుంచి సోలార్ పలకలు తేలుతున్నాయి. అదే మండలంలో గోదావరి పక్కన శివ్వారం మొసళ్ల అభయారణ్యం ఉంది. నది మీద ఎల్లంపల్లి, సుందిళ్ల, అన్నారం. 2022 జులై వరదలో మంచిర్యాల కాలనీలు, మంథని వీధులు మునిగిన వీడియోలు మీ ఫోన్లలోనే చూసుంటారు.

2077లో గేట్లు ఎప్పుడు ఎత్తాలో మనిషి చెప్పడు, ఒక ప్రోగ్రామ్ చెబుతుంది. ఏ ఊరు మునిగితే నష్టం తక్కువో లెక్కేసి మరీ ఎత్తుతుంది. పత్తి చేను రేటు తక్కువ, ప్లాంట్ రేటు ఎక్కువ. మీ టీమ్ చేతికి ఒకే ఒక్క రాత్రి కంట్రోల్ రూమ్ దొరికింది. చేన్లను కాపాడితే ప్లాంట్ ఆగి దవాఖానలో కరెంటు పోతుంది. మొసళ్లు ఊళ్లోకి రావడం బోనస్.

4. లాభాల వాటా రోజు

2023-24 లాభాల్లో విస్తరణ పనులకు పక్కన పెట్టగా మిగిలిన సొమ్ములో 33 శాతం కార్మికులకు పంచారు. పర్మనెంట్ కార్మికుడికి సగటున 1.90 లక్షల రూపాయలు వచ్చాయి. కాంట్రాక్ట్ కార్మికులకు కూడా ఇవ్వడం అదే మొదటిసారి, ఒక్కొక్కరికి 5 వేలు. 2077లో పర్మనెంట్ వాళ్ల మణికట్టులో నీలం లైటు, కాంట్రాక్ట్ వాళ్లకు బూడిదరంగు లైటు. పండగ ముందురోజు రాత్రి సర్వర్‌లోకి దూరాలి. డబ్బు ఎత్తుకురావడానికి కాదు, జాబితాలో ఒకే ఒక్క పేరును బూడిదరంగు నుంచి నీలంలోకి మార్చడానికి. ఎవరి పేరు? టీమ్‌లో అందరి ఇళ్లలోనూ ఒక కాంట్రాక్ట్ మనిషి ఉన్నాడు.

పాత్రలకు కూడా మన పేర్లే పెట్టుకోండి. ఫిక్సర్ అంటే పైరవీకారు. నోమాడ్ అంటే బొగ్గు లారీ డ్రైవర్. మెడ్‌టెక్ అంటే సందు చివర ఆర్ఎంపీ డాక్టర్. మీడియా అంటే లోకల్ యూట్యూబ్ చానల్ రిపోర్టర్, చేతిలో లోగో మైకు. రాకర్‌బాయ్‌కి గిటార్ ఎందుకు? డప్పు ఇవ్వండి. అతను దరువేస్తే షిఫ్టు ఆగుతుందని ఊరందరికీ తెలిసి ఉండాలి. 2011 సకల జనుల సమ్మెలో సింగరేణి బాయిలు ఎట్లా ఆగాయో మీ నాన్ననో, మామనో అడిగితే రెండు సెషన్లకు సరిపడా సరుకు దొరుకుతుంది.

ఇదంతా టైంపాస్ కాదా అంటే, టైంపాసే. కానీ మా టేబుల్ మీద ఒక సంగతి గమనించా. రామగుండంలో 62.5 మెగావాట్ల పాత బీ థర్మల్ 2024లో మూతపడింది. అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో తట్టా చెమ్మస్ లేవు, పెద్ద యంత్రం బొగ్గు కోస్తుంది. నా ఆఫీసు పని కూడా అలాంటిదే, పదిమంది చూసే పనిని ఒక డ్యాష్‌బోర్డులోకి తేవడం. బొగ్గు అయిపోయాక మా ఊళ్లు ఏమవుతాయన్న మాట ఇంట్లో ఎత్తితే "నీకెందుకురా, నువ్వు హైదరాబాద్‌లనే ఉంటవ్ కదా" అని కట్ చేస్తారు. దోస్తుల మధ్య ఎత్తితే మీమ్ అయిపోతుంది. గేమ్‌లో మాత్రం ఐదుగురం మూడు శనివారాలు సీరియస్‌గా అదే మాట్లాడుకున్నాం. ప్లాంట్ ఆగిపోయిన ఊళ్లో ఎవరుంటారు, క్వార్టర్లు ఎవరివి, చెరువులా మారిన ఓపెన్‌కాస్ట్ గుంత దగ్గర ఏం చేసి బతుకుతారు? పాత్ర పేరుతో మాట్లాడుతున్నాం కాబట్టి ఎవరికీ మొహమాటం రాలేదు. అక్క పాత్ర ఆడిన ఫ్రెండ్ ఆ ఆదివారం ఇంటికి ఫోన్ చేసి వాళ్ల నాన్నను మొదటిసారి బాయి పని గురించి గంటసేపు అడిగిందట.

మొదలుపెట్టడానికి పెద్దగా ఖర్చేం లేదు. నలుగురు మనుషులు, ఒక నోట్‌బుక్, ఫోన్లో ఉచితంగా దొరికే పాచికల యాప్. మీది జైపూరే కానక్కర్లేదు. సిరిసిల్ల మగ్గాలు, విశాఖ ఉక్కు, భీమవరం రొయ్యల చెరువులు, ఏదైనా పనికొస్తుంది. మొదటి సెషన్‌లో అందరినీ ఒకటే ప్రశ్న అడగండి: మీ ఇంటిని నడిపించే కంపెనీ ఏది, అది మీ ఇంట్లో ఎవరి దగ్గర ఏం తీసుకుంది, తిరిగి ఏం ఇచ్చింది? జవాబులు రాసుకోండి. మీ మొదటి క్యాంపెయిన్ అక్కడే ఉంటుంది.