కులపత్రం అప్పగించే చోట తాళం గట్టిదేనా?

ఫెలోషిప్‌కు దరఖాస్తు పెట్టే దళిత, ఆదివాసీ విద్యార్థి ఒక్క పూటలో వెబ్‌సైట్‌కు అప్పగించేవి ఎన్నో చూడండి: కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ పత్రం, ఆధార్, బ్యాంకు ఖాతా, ఫోన్ నంబరు. 2019 నాటి వ్యక్తిగత డేటా రక్షణ బిల్లు కులాన్ని, తెగను 'సున్నితమైన' సమాచారంగా ప్రత్యేకంగా గుర్తించింది. 2023లో వచ్చిన చట్టంలో ఆ వర్గీకరణే లేదు. ఇక మన కులం, మన ఇంటి ఆదాయం ఎంత భద్రంగా ఉంటాయన్నది చాలావరకు ఆ సైట్ కట్టినవాళ్ల పనితనం మీదే ఆధారపడి ఉంది.

ఆ పనితనం ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ. ఆమధ్య ఒక దరఖాస్తు పోర్టల్‌లో 'పాస్‌వర్డ్ మర్చిపోయాను' అని నొక్కితే, నా పాత పాస్‌వర్డే అక్షరం పొల్లుపోకుండా మెయిల్‌కు వచ్చింది. సౌకర్యంగానే ఉంది కదా అన్నాడు పక్కనున్న మిత్రుడు. కానీ సరిగ్గా కట్టిన సైట్‌కు మన పాస్‌వర్డ్ తెలియనే కూడదు. బీక్రిప్ట్, ఆర్గాన్2 లాంటి పద్ధతులతో దాన్ని వెనక్కి తిప్పలేని హ్యాష్‌గా మార్చి దాచాలి. మర్చిపోతే కొత్తది పెట్టుకోమనాలి. పాతది పంపగలిగిందంటే, ఆ డేటాబేస్ చేతికి చిక్కిన ఎవరైనా అందరి పాస్‌వర్డ్‌లూ చదవగలరన్నమాట.

ఈ సంగతి పట్టుకోవడానికి కంప్యూటర్ సైన్స్ పట్టా అక్కర్లేదు. సోషియాలజీ, చరిత్ర చదివేవాళ్లూ నేర్చుకోవచ్చు, నేర్చుకోవాలి కూడా. వెబ్ ప్రోగ్రామింగ్‌కు మొజిల్లా నడిపే ఎండీఎన్ వెబ్ డాక్స్‌ను మించిన పాఠ్యపుస్తకం నాకు కనబడలేదు. అమీర్‌పేటలో ఫీజు కట్టి నేర్చుకునే హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్ అంతా అందులో ఉచితంగా ఉంది. చదవడం కన్నా చేస్తూ నేర్చుకోవడం ఇష్టమైతే ఫ్రీకోడ్‌క్యాంప్ ఉంది. పాస్‌వర్డ్‌లు ఎలా దాచాలి, లాగిన్ ఎలా కట్టాలి లాంటివాటికి ఓవాస్ప్ వారి చీట్ షీట్లు చూడాలి. దాడులు ఎలా జరుగుతాయో తెలుసుకోవడానికి అదే సంస్థ జ్యూస్ షాప్ అనే లోపాల పుట్టను కావాలనే తయారుచేసి పెట్టింది. దాన్ని మీ కంప్యూటర్‌లో పెట్టుకుని ఎంతైనా పగలగొట్టండి. అనుమతి లేకుండా ఇతరుల సైట్ మీద అదే పని చేస్తే మాత్రం ఐటీ చట్టం కింద కేసవుతుంది. మన పిల్లల మీద కేసులు ఎంత తేలిగ్గా పడతాయో వేరే చెప్పక్కర్లేదు.

క్రిప్టోగ్రఫీ అనగానే లెక్కలంటూ వెనకడుగు వేస్తారు. అలాంటివాళ్లు క్రిప్టోపాల్స్ అభ్యాసాలతో మొదలుపెట్టాలి. మొదటి లెక్క హెక్స్ అక్షరాలను బేస్64లోకి మార్చడమే. అక్కణ్నుంచి మెల్లగా, బలహీనంగా వాడిన సంకేత లిపిని మీ చేతులతోనే విప్పే దాకా తీసుకెళతాయి. సిద్ధాంతం కావాలనుకున్నవాళ్లకు డాన్ బోనే, విక్టర్ షూప్ రాసిన పెద్ద పుస్తకం నెట్‌లో ఉచితం. కాకపోతే మొదటిరోజే దాన్ని తెరిస్తే నిద్ర ఖాయం. ఎన్‌పీటెల్‌లో ఐఐటీ అధ్యాపకుల పాఠాలూ ఉన్నాయి.

ఈ విద్యలో నన్ను కట్టిపడేసిన విషయం మరొకటి ఉంది. పద్ధతిని దాచిపెట్టడం వల్ల భద్రత రాదని, తాళంచెవి ఒక్కటే రహస్యంగా ఉంటే చాలని కెర్క్‌హాఫ్స్ 1883లోనే రాశాడు. 1977లో అమెరికా ప్రమాణంగా పెట్టిన డీఈఎస్ రూపకల్పన వెనకున్న కారణాలను చాలాకాలం గుట్టుగా ఉంచారు. దాని తాళంచెవి పొడవు 56 బిట్లే. 1998లో ఈఎఫ్ఎఫ్ అనే సంస్థ ప్రత్యేకంగా ఒక యంత్రం కట్టి మూడు రోజుల్లోపే దాన్ని ఛేదించింది. దాని స్థానంలో 2001లో వచ్చిన ఏఈఎస్‌ను బహిరంగ పోటీ పెట్టి, ప్రపంచమంతా పరీక్షించాక ఎంపిక చేశారు. ఈరోజు మన బ్యాంకు లావాదేవీలను కాపాడుతున్నది ఇలా అందరి ముందూ తెరిచిపెట్టిన పద్ధతే. చదువును కొన్ని కులాల గుప్పిట్లో దాచి ఉంచిన దేశంలో పుట్టినవాళ్లకు ఇది చిన్న విషయంగా తోచదు.

బ్రౌజర్‌లో తాళం గుర్తు కనిపిస్తే చాలనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. మనకూ ఆ సైట్‌కూ మధ్య నడిచే మాటలు దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే దాని అర్థం. అవతలివాడు మంచివాడని కాదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఆ సర్టిఫికెట్‌ను ఎవరికైనా ఉచితంగానే ఇస్తుంది. దొంగ స్కాలర్‌షిప్ సైట్ నడిపేవాడికీ దొరుకుతుంది.

వనరులు ఉచితమే అయినా దారి ఉచితం కాదు. ఫోన్ తెర మీద కోడ్ రాయడం నరకం. హాస్టల్ గదిలో నలుగురికి కలిపి ఒక ల్యాప్‌టాప్ ఉంటే అదృష్టం. అన్నిటికన్నా పెద్ద అడ్డు ఇంగ్లిష్. ఎండీఎన్ ఫ్రెంచ్‌లో, జపనీస్‌లో, కొరియన్‌లో దొరుకుతుంది, తెలుగులో లేదు. ఐఐటీ బొంబాయి వారి స్పోకెన్ ట్యుటోరియల్స్ కొన్ని తెలుగులో ఉన్నాయి గానీ అవి సరిపోవు. ఎండీఎన్ వ్యాసాలను, మూలం పేర్కొని అదే షరతులతో ప్రచురిస్తే, ఎవరి అనుమతీ అడక్కుండా అనువదించుకోవచ్చు. ఈ పని ఏ కంపెనీ చేసిపెట్టదు, యూనివర్సిటీలు తలపెట్టిన జాడా లేదు.

మన క్యాంపస్‌లలోని అంబేడ్కర్ విద్యార్థి సంఘాలకు స్టడీ సర్కిల్ నడపడం కొత్త కాదు. వారంలో ఒక సాయంత్రం దీనికి ఇవ్వండి. డిపార్ట్‌మెంట్ ల్యాబ్ అడగండి, ఇవ్వనంటే ఎందుకివ్వరో రాతపూర్వకంగా అడగండి. ఒక క్రిప్టోపాల్స్ లెక్క కలిసి చేసి, చేసింది తెలుగులో రాసి పెట్టండి. ఫెలోషిప్ పోర్టల్ మీ పాత పాస్‌వర్డ్ పంపితే ఆ మెయిల్‌ను భద్రపరిచి, దాన్ని జతచేసి సంఘం పేరిట ఫిర్యాదు చేయండి.