చదువుకునే తీరిక ఎవరిది?

కడుపుతో ఉన్న పిల్ల భాగవతం చదివితే బిడ్డకు మంచిదంటారు. అదే పిల్ల నవల పట్టుకుంటే "ఇంట్లో పనేం లేదా?" అంటారు. పురుడయ్యాక చదివితే బాలింతకు కళ్ళు పోతాయంటారు. తరతరాలుగా పొయ్యి పొగ కనిపించని వాళ్ళకు ఈ పుస్తకమే కనిపించిందా?

గోదావరి జిల్లాల్లో స్త్రీల చదువు నిన్నమొన్నటిది కాదు. కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టారు. 1883లో స్త్రీల కోసం 'సతీహితబోధిని' పత్రిక తెచ్చారు. ఇన్నేళ్ళ తర్వాత కూడా మగవాడు పేపరు చదివితే లోకజ్ఞానం, ఆడది చదివితే కాలక్షేపం!

2024 కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు దానికే పెడుతున్నారు. ఆ పని చేసే పురుషులు పెట్టేది 88 నిమిషాలు. మన పుస్తకం పోయింది ఈ తేడాలోనే. నెలలు నిండుతున్నా ఆ అంట్లు అందుకునేవాళ్ళు లేరు.

ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్నూ కడుతున్నాం. కాని చాలా శాఖా గ్రంథాలయాలు తెరిచేది పొద్దున, సాయంత్రం. సరిగ్గా వంట వేళకే! మనకు కాస్త తీరిక దొరికే మధ్యాహ్నం వాటికి తాళం.

అందుకే అడుగుదాం. మధ్యాహ్నం రెండు గంటలు గ్రంథాలయం తెరవాలి. గర్భిణీలు వెళ్ళే అంగన్‌వాడీలో గుడ్లు, పాలతో పాటు పుస్తకాలూ ఉండాలి. గ్రామసభలో ఈ అర్జీ పెడదాం. ఇంట్లో మాత్రం అర్జీ అక్కర్లేదు. పూటకొకరు గరిటె పట్టాల్సిందే.