టెట్‌లో పిల్లల తప్పుల గురించి అడగండి

తెలుగు రాష్ట్రాల విద్యా పరిశోధన, శిక్షణ సంస్థల సంచాలకులకు,

1920 ప్రాంతంలో పారిస్‌లోని ఒక బడిలో పియాజే అనే యువకుడికి పిల్లల ప్రజ్ఞా పరీక్షల పని అప్పగించారు. సరైన జవాబులు లెక్కపెడితే ఆ పని అయిపోయేది. ఆయన మాత్రం తప్పు జవాబుల దగ్గర ఆగిపోయాడు. ఒకే ఈడు పిల్లలు ఒకే రకంగా ఎందుకు తప్పుతున్నారని పిల్లలనే కూర్చోబెట్టి అడిగాడు. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందన్న ఆయన సిద్ధాంతానికి మొదలు అక్కడే. ఆ పియాజే మీద ఉపాధ్యాయ అర్హత పరీక్ష (టెట్)లో మనం నాలుగు ఆప్షన్లిచ్చి, ఒప్పు గుర్తించమంటున్నాం.

150 మార్కుల టెట్‌లో శిశు వికాసం, పెడగాజీకి 30 మార్కులు. పిల్లల్లోని తేడాలు, వాళ్ల అవసరాలు, టీచరు వాళ్లతో మెలిగే తీరు, వీటిపై ప్రశ్నలుండాలని జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2011లోనే చెప్పింది. కోచింగ్ సెంటర్లలో వినిపించేది వేరు: పియాజే చెప్పిన పూర్వ ప్రచాలక దశ రెండు నుంచి ఏడేళ్లు, మూర్త ప్రచాలక దశ ఏడు నుంచి పదకొండేళ్లు, గుర్తుండటానికో కోడ్. వాళ్లని అని లాభం లేదు, పేపరును బట్టే బిట్లు తయారవుతాయి. సందర్భం ఇచ్చి అడిగే ప్రశ్నలూ వస్తున్నాయి, కాదనను. వాటిలోనూ తరచుగా అడిగేది ‘ఇది ఏ దశ’ అనే. దశ పేరు తెలిసిన టీచరు మర్నాడు బడిలో ఏం చేయాలో ఆ ప్రశ్న అడగదు.

మూడో తరగతి నోటుబుక్కులు రెండు తీసుకుందాం. నూట ఐదు రాయమంటే ఒక పాప 1005 అని రాసింది. 42లోంచి 17 తీసేయమంటే ఒక బాబు 35 అని రాశాడు. రెండింటికీ ఎర్ర ఇంటూ పడుతుంది. పాప వంద రాసి పక్కన ఐదు పెట్టింది, విన్నది విన్నట్టే రాసింది. బాబు ప్రతి నిలువు వరుసలోనూ పెద్ద అంకెలోంచి చిన్నది తీసేశాడు. ఇద్దరూ ఎవరి సూత్రాన్ని వాళ్లు నిక్కచ్చిగా పాటించారు. పాపకు పుల్లల్ని పదేసి, వందేసి కట్టలు కట్టించి, ఏ కట్ట ఏ స్థానంలోకి వెళ్తుందో చూపించాలి. బాబు చేత పది రూపాయల నోటును చిల్లర మార్పించాలి. ఇద్దరినీ ‘పదిసార్లు రాసుకురా’ అని పంపేస్తే తప్పే గట్టిపడుతుంది. పియాజే తరగతి గదిలోకి రావడమంటే నా దృష్టిలో ఇదే.

సగం తెలిసిన సిద్ధాంతం ఇంకో నష్టం కూడా చేస్తోంది. ‘వీడింకా ఆ దశకు రాలేదండీ’ అనే మాట స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో తరచూ వింటుంటాను. వయసుల పట్టిక పిల్లవాడికి తగిలించే చీటీ అయిపోయింది. మెక్సికోలో కుమ్మరుల పిల్లలు, మట్టిముద్ద ఆకారం మారినా మట్టి అంతే ఉంటుందన్న సంగతిని తోటిపిల్లల కంటే బాగా గ్రహించారని 1969లోనే ఒక అధ్యయనం తేల్చింది. బ్రెజిల్‌లోని రెసిఫే నగరంలో వీధుల్లో సరుకులమ్మే పిల్లలు బేరం దగ్గర నూటికి 98 లెక్కలు సరిగ్గా చేశారు. అవే లెక్కలు కాగితం మీద ఇస్తే నూటికి 37 మాత్రమే. 1985లో వచ్చిన ఈ ఫలితం చదివాక ఆ పిల్లలు ఏ దశలో ఉన్నారంటారు? మన సంతల్లో తల్లి పక్కన కూర్చుని చిల్లర లెక్కగట్టే పిల్లలు సోమవారం బడికొచ్చి లెక్కల్లో ‘సి’ గ్రేడవుతున్నారు.

మరో మనోవిజ్ఞాన శాస్త్రవేత్త వైగాట్‌స్కీ సంగతీ అంతే. పిల్లవాడు ఒంటరిగా చేయలేక, పెద్దల సాయంతో గానీ తనకంటే తెలిసిన తోటివారి సాయంతో గానీ చేయగలిగిన చోటే బోధన జరగాలన్నాడాయన. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఐదో తరగతి పిల్ల ఒకటో తరగతి వాడి చేత అక్షరాలు దిద్దించడం రోజూ జరిగేదే. ఆ పిల్ల ఎంతవరకు చెప్పాలి, ఎక్కడ చేయి వదలాలి అన్నది శిక్షణలో చెప్పే అంశం కావాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో గోండి, కోయ, సవర సహా ఎనిమిది గిరిజన భాషల్లో బోధన మొదలైంది. ఇంటి భాష ఆసరాతో బడి భాష అందించాలన్న ఆ ఆలోచన ఈ సిద్ధాంతానికి ఎంతో దగ్గరిది. అది ఊరూరా వేళ్లూనుకోకపోవడం మన దౌర్భాగ్యం.

డీఎల్‌ఈడీ పాఠ్యప్రణాళిక, శిక్షణ మాడ్యూళ్లు మీ చేతుల్లోనే ఉన్నాయి. టెట్ పేపరు తయారుచేసేవారి దగ్గరా మీ మాట చెల్లుతుంది. ఆ 30 ప్రశ్నల్లో పదింటినైనా పిల్లల నోటుబుక్కుల్లోంచి తీయించండి: తప్పు చూపించి, పిల్లవాడు ఏమనుకుని అలా చేశాడో, టీచరు తర్వాత ఏ ప్రశ్న వేయాలో అడగండి. కాంప్లెక్స్ సమావేశంలో ఒక గంట పవర్‌పాయింట్ ఆపి, ప్రతి టీచరునూ రెండు నోటుబుక్కులు పట్టుకురమ్మనండి. దీనికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు. ఒక సర్క్యులర్ చాలు, వచ్చే విద్యాసంవత్సరం మొదలయ్యేలోగా ఇవ్వండి.

ఇట్లు,
ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు