శాస్తి

ఈ వారం నేర్చుకున్న మాట: శాస్తి. ఎక్కడంటే, ఆదివారం మా బాతెల్ గుడి వంటింట్లో.

కూరలు తరుగుతూ ఒక సంగతి చెప్పాను. లైంగిక నేరాల జాబితాలో పేరు ఉన్నవాళ్ళకి దొంగ ఫోన్లు వస్తాయట. "షెరీఫ్ ఆఫీసు నుంచి. మీరు రిజిస్ట్రేషన్ చేయలేదు, వారెంట్ ఉంది. గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు చెప్పండి, అరెస్టు ఉండదు." పేరు, ఫోటో, నేరం అన్నీ జాబితాలోనే దొరుకుతాయి. వాషింగ్టన్ రాష్ట్రం 1990 చట్టంతో ఈ సమాచారం బయటపెట్టింది, ఇరుగుపొరుగు జాగ్రత్త పడాలని.

పక్కనున్న ఆవిడ "తగిన శాస్తే జరిగింది" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఇంటికొచ్చి నిఘంటువు చూశాను. శాస్తి, శాసనం, రెండూ ఒకే ధాతువు నుంచి వచ్చాయి. అయితే శిక్ష వేయాల్సింది చట్టం, ఫోన్ దొంగ కాదు. వాళ్ళ చేతిలో బాధపడినవాళ్ళని నేను మరిచిపోలేదు. కానీ ఈ డబ్బులో ఒక్క డాలరు కూడా ఆ బాధితులకి చేరదు.

రెండేళ్ళ క్రితం నాకూ ఫోన్ వచ్చింది, "కాన్సులేట్ నుంచి" అని. ఎనిమిది వందల డాలర్లు పోయాయి. సిగ్గుతో పిల్లలకి కూడా చెప్పలేదు. హైదరాబాదులో "డిజిటల్ అరెస్ట్" అన్నా ఇదే నాటకం. భయం, సిగ్గు ఉన్నచోట దొంగకి పని సులువు. జాబితాలో ఉన్నవాడి సిగ్గు నాకంటే పెద్దది. ఇక ఫిర్యాదు ఎవరికి చేస్తాడు?

పోలీసులు గిఫ్ట్ కార్డులు అడగరు. ఫోన్ పెట్టేసి, షెరీఫ్ నంబరు మీరే వెతికి అడగండి.

వచ్చే ఆదివారం ఆవిడకి నా ఎనిమిది వందల సంగతి చెప్తాను.