సాకుకూ పరీక్ష ఉండాలి

ఉగాది పంచాంగంలో రెండు రకాల అంకెలుంటాయి. గ్రహణం ఎప్పుడు పడుతుంది, ఎప్పుడు విడుస్తుంది అని గంటలు, నిమిషాలతో చెప్పేవి కొన్ని. మేషానికి ఆదాయం ఇంత, వ్యయం ఇంత, రాజపూజ్యం ఇంత, అవమానం ఇంత అని చెప్పేవి మరికొన్ని. మొదటి రకం తప్పితే ఆ పూటే ఊరందరికీ తెలిసిపోతుంది. పాత గ్రంథాల సూత్రాలతో చేసే పూర్వ గణితమా, ఆకాశంలో కనబడేదానికి సరిచూసి చేసే దృక్ గణితమా అని పంచాంగకర్తలు తరాల తరబడి వాదించుకున్నది అందుకే: ఆకాశం వాళ్ల లెక్కను తప్పుపట్టగలదు. అవమానాల లెక్క మీద అలాంటి వాదం ఎక్కడా పుట్టలేదు. అయిదని రాస్తే ఏడు జరిగాయని ఏ వృషభ రాశివారూ ఏడాది చివర సిద్ధాంతిగారి గుమ్మం ఎక్కరు.

ఈ తేడానే కార్ల్ పాపర్ అనే తత్వవేత్త 1934లో ఒక సూత్రంగా చెప్పాడు. తప్పని తేలడానికి అవకాశం ఇచ్చే మాటే శాస్త్రం. ఏం జరిగినా నిజమే అనిపించుకునే మాట శాస్త్రం కాదు. వినడానికి బాగానే ఉంది. అయితే శాస్త్రవేత్తలు తమ సిద్ధాంతానికి ఎదురు సాక్ష్యం రాగానే దాన్ని అవతల పారేస్తారా? పారెయ్యరు. వాళ్లూ సాకులు వెతుకుతారు.

యురేనస్ సంగతే చూడండి. 1781లో విలియం హెర్షెల్ కనిపెట్టిన ఈ గ్రహం న్యూటన్ సూత్రాల ప్రకారం ఉండవలసిన చోట ఉండకుండా కొద్దికొద్దిగా దారి తప్పుతూ వచ్చింది. పాపర్ మాట అక్షరాలా పాటిస్తే న్యూటన్‌ను అప్పుడే సాగనంపాలి. ఆ పని చేసే బదులు ఫ్రెంచి ఖగోళవేత్త లెవెరియే, అవతల కంటికి కనబడని ఇంకో గ్రహం ఉండి దీన్ని లాగుతోందన్నాడు. ఇంతకంటే పచ్చి సాకు ఉంటుందా? అంతటితో ఆగిపోయి ఉంటే అది సాకుగానే మిగిలేది. ఆయన ఆ గ్రహం ఆకాశంలో ఎక్కడుండాలో లెక్కగట్టి బెర్లిన్ వేధశాలకు ఉత్తరం రాశాడు. 1846 సెప్టెంబరు 23న ఉత్తరం అందింది. ఆ రాత్రే యోహాన్ గాలె దుర్భిణి తిప్పితే, చెప్పిన చోటికి ఒక్క డిగ్రీ లోపలే నెప్ట్యూన్ దొరికింది.

ఆ విజయం తలకెక్కిందేమో, బుధుడి విషయంలోనూ లెవెరియే అదే మందు వేశాడు. బుధుడి కక్ష్య లెక్కకు మించి తిరుగుతోంది. ఆ తేడా శతాబ్దానికి దాదాపు 43 వికలలు. డిగ్రీలో 3600వ వంతు ఒక వికల. 1859లో ఆయన దీనికి కారణం సూర్యుడికీ బుధుడికీ మధ్య ఉన్న మరో గ్రహమేనన్నాడు. ఒక పల్లెటూరి వైద్యుడు సూర్యబింబం మీదుగా నల్లటి చుక్క పోవడం చూశానన్నాడు కూడా. గ్రహానికి వల్కన్ అని పేరూ పెట్టారు. తర్వాత దశాబ్దాల పాటు సంపూర్ణ సూర్యగ్రహణాలప్పుడు దానికోసం గాలించారు. అది ఉంటేగా! 1877లో చనిపోయేదాకా లెవెరియే మాత్రం దాన్ని నమ్మాడు. 1915లో ఐన్‌స్టీన్ సాధారణ సాపేక్ష సిద్ధాంతం ఏ కొత్త గ్రహం అవసరమూ లేకుండా ఆ 43 వికలలకు లెక్క చెప్పింది. వల్కన్ కథ ముగిసింది. ఈసారి సవరించుకోవలసి వచ్చింది న్యూటన్ సూత్రాన్నే.

మనిషి అదే, తెలివీ అదే, సాకూ అదే. ఒకటి నిలిచింది, ఒకటి కూలింది. కూలిన వల్కన్‌ను కూడా కపటశాస్త్రం అనలేం, ఎందుకంటే అది ఫలానా చోట వెతకండి అని చెప్పి మరీ ఓడిపోయింది. కాబట్టి సాకు చెప్పారా లేదా అన్నది ప్రశ్నే కాదు. చెప్పిన సాకును పరీక్షకు పంపారా, ఫలితం ఎదురు తిరిగితే ఒప్పుకున్నారా అన్నదే ప్రశ్న.

జ్యోతిషానికి ఇలాంటి పరీక్ష మన దేశంలోనే జరిగింది. ఖగోళ భౌతిక శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ 2008లో మహారాష్ట్రలో దాన్ని నడిపించారు. నరేంద్ర దాభోల్కర్ నడిపిన అంధశ్రద్ధా నిర్మూలన సమితి, ఒకప్పుడు తానే జ్యోతిషం చెప్పిన ప్రకాశ్ ఘాట్‌పాండే, గణాంక శాస్త్రవేత్త సుధాకర్ కుంటే అందులో పాలుపంచుకున్నారు. చదువులో బాగా చురుకైన పిల్లలు 100 మంది, మేధోపరమైన వైకల్యం ఉన్న పిల్లలు 100 మంది. తల్లిదండ్రులిచ్చిన పుట్టిన వేళలతో జాతకాలు వేసి, ఏది ఎవరిదో పరీక్ష పెట్టినవారికే తెలియకుండా సంకేత సంఖ్యలతో దాచారు. ఒక్కో జ్యోతిషుడికి 40 జాతకాలు పంపి, ఏది ఏ కోవకు చెందినదో చెప్పమన్నారు. 51 మంది ముందుకొచ్చారు. జవాబులు పంపింది మాత్రం 27 మందే.

మొత్తం మీద సరిగ్గా చెప్పినవి 46 శాతం. నాణెం ఎగరేసి బొమ్మా బొరుసా అనుకున్నా సగం ఒప్పవుతాయి. అందరిలో ఎక్కువ తెచ్చుకున్నాయన 40కి 24 చెప్పగలిగాడు. ఆయన మాటేమిటని అడిగేవారుంటారు. 27 మంది చేత ఊరికే నాణేలు ఎగరేయిస్తే, వాళ్లలో ముగ్గురు నలుగురికి కేవలం అదృష్టం కొద్దీ 24 లేదా అంతకంటే ఎక్కువే రావాలి. ఇక్కడ వచ్చింది ఒక్కరికి. ఒక జ్యోతిష సంస్థ మొత్తం 200 జాతకాలూ చూసి 102 సరిగ్గా చెప్పింది. అదీ నాణెం లెక్కే.

ఇలాంటి ఫలితం వచ్చినప్పుడల్లా వినబడే జవాబులు తెలిసినవే. పుట్టిన వేళ తప్పయి ఉంటుంది, చూసినవాళ్లకు పాండిత్యం చాలదు, పూర్వజన్మ కర్మ అడ్డుపడింది. మొదటి రెంటినీ లెవెరియే గ్రహంలాగే పరీక్షించవచ్చు. ఆసుపత్రి రికార్డులో నిమిషంతో సహా రాసిన జననాలే తీసుకోవాలి. పండితులెవరో ఫలితం రాకముందే పేర్లు చెప్పాలి. మూడో దాన్ని ఎవరూ ఎన్నటికీ పరీక్షించలేరు. కపటశాస్త్రం ఎప్పుడూ తల దాచుకునేది ఈ మూడో రకం దగ్గరే.

2001లో యూజీసీ విశ్వవిద్యాలయాల్లో జ్యోతిషాన్ని విజ్ఞానమన్న పేరుతో పెట్టాలనుకున్నప్పుడు, హైదరాబాద్‌లో జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీని స్థాపించిన పుష్పమిత్ర భార్గవ ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకెక్కారు. అక్కడ ఓడి సుప్రీంకోర్టుకు వెళితే 2004లో అక్కడా కొట్టేశారు. నిజానికి ఈ తగవు కోర్టులో తేలేది కాదు. ఒక విషయం శాస్త్రమా కాదా అన్నది చట్టం చదివి చెప్పేది కాదు, పరీక్ష పెట్టి తేల్చుకునేది.

హైదరాబాద్‌లోని తెలుగు విశ్వవిద్యాలయంలో జ్యోతిషం కోర్సులున్నాయి. ఇగ్నో 2021లో ఏకంగా ఎంఏ పెట్టింది. వాటిని మూసెయ్యమని ఇక్కడ ఎవరూ అడగడం లేదు. సంస్కృతం, గణితం, సంస్కృతి చరిత్ర నేర్చుకోవడానికి అవి పనికొస్తే మంచిదే. అడిగేది ఒక్కటే. ఆ విభాగాలు తమ ఆచార్యులతోనే నార్లీకర్ పరీక్షను మళ్లీ జరిపించాలి. వేళలు ఆసుపత్రుల నుంచి తేవాలి, గణాంకాల బాధ్యత పొరుగు విభాగానికి అప్పగించాలి, ఎన్ని సరిపోతే గెలుపో ముందే కాగితం మీద రాసి సంతకం చేయాలి. ఖర్చు పెద్దగా ఉండదు. ఫలితం ఏదైనా అచ్చు వేయాలి.