మందుకు లొంగని క్రిములు

ప్రొద్దుటూరులో గానీ, జమ్మలమడుగులో గానీ ఒళ్ళు వెచ్చబడగానే చాలామంది చేసే పని ఒకటే. మందుల షాపుకు వెళ్ళి "జ్వరానికి ఏమన్నా ఇయ్యన్నా" అంటారు. ఇచ్చిన పొట్లంలో తరచు ఒక యాంటీబయాటిక్ బిళ్ళ కూడా ఉంటుంది.

జలుబు, ఫ్లూ, డెంగ్యూ వైరస్ వల్ల వస్తాయి. వీటికి యాంటీబయాటిక్ పనిచేయదు. కానీ మీ ఒంట్లోని బాక్టీరియా మీద పనిచేస్తుంది. లొంగేవి చస్తాయి, తట్టుకున్నవి మిగిలి పెరుగుతాయి. "నా ఒంటికి ఆ మందు అలవాటైపోయింది, ఇంకోటి రాయండి" అనేవారు ఒకటి గ్రహించాలి: లొంగనిది క్రిమి, మీ శరీరం కాదు. ఆ క్రిమి ఇంట్లోవాళ్ళకూ అంటుతుంది.

టైఫాయిడ్ సంగతే చూడండి. ఒకప్పుడు క్లోరాంఫెనికాల్‌తో తగ్గేది. 1972లో కేరళలోని కాలికట్‌లో దానికి లొంగని టైఫాయిడ్ వ్యాపించింది. ఆ తరువాత సిప్రోఫ్లాక్ససిన్ వచ్చింది. మన దేశంలో ఇప్పుడు దానికీ చాలావరకు లొంగడం లేదు. ఇక ముఖ్యంగా మిగిలినవి సెఫ్ట్రియాక్సోన్, సెఫిక్సిమ్, అజిత్రోమైసిన్. జ్వరం మూడు రోజులు దాటితే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. వైడాల్ పరీక్ష ఒక్కదాన్నే నమ్మకండి. యాంటీబయాటిక్ పడకముందే రక్తం తీసి కల్చర్ చేస్తే, క్రిమి పెరిగినప్పుడు అది ఏ మందుకు లొంగుతుందో తెలుస్తుంది. ఫలితానికి కొన్ని రోజులు పడుతుంది. రోగి నీరసంగా ఉంటే డాక్టరు రక్తం తీసి, ఆగకుండా మందు మొదలుపెడతారు. రాసిన మందును మధ్యలో మానరాదు, మీ అంతట మీరు పొడిగించరాదు.

కేంద్రం 2017లో, ఆంధ్రప్రదేశ్ 2022లో దీనికి కార్యాచరణ ప్రణాళికలు ప్రకటించాయి. అంతకుముందే, 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 నిబంధన ఉంది. సెఫ్ట్రియాక్సోన్, సెఫిక్సిమ్ వంటివి అమ్మితే డాక్టరు పేరు, రోగి పేరు, మందు, పరిమాణం రిజిస్టరులో రాసి మూడేళ్ళు ఉంచాలి. నన్నడిగితే మన ఊళ్ళ ప్రణాళిక ఆ రిజిస్టరు తెరవడంతోనే మొదలుకావాలి. సరిగా రాస్తే ఏ ఊళ్ళో ఏ మందు ఎంత ఖర్చవుతున్నదీ అందులోనే కనబడుతుంది. దాని పక్కన ఆసుపత్రుల్లో ఏడాదిపాటు వచ్చిన కల్చర్ ఫలితాలు పెడితే ఇక్కడ ఏ మందు పనికొస్తుందో డాక్టర్లకు పట్టిక దొరుకుతుంది. మీ వంతుగా చీటీతోనే మందు కొనండి, బిల్లు అడగండి.

పులివెందుల వైపు చీని, నిమ్మ రైతులకు ఒక మాట. గజ్జి తెగులుకు చల్లుతూ వచ్చిన స్ట్రెప్టోసైక్లిన్‌లో ఉన్నవీ యాంటీబయాటిక్కులే. అందులోని స్ట్రెప్టోమైసిన్ క్షయకు వాడిన మందు.

అసలు టైఫాయిడే రాకపోతే ఈ మందులతో పని లేదు. కుళాయి గొట్టం మురుగు కాలువలో మునిగి ఉంటే మునిసిపాలిటీకి అర్జీ పెట్టండి. బాగయ్యేదాకా నీళ్ళు కాచి తాగండి. హైదరాబాదులోనే తయారవుతున్న టైఫాయిడ్ టీకాను ఆరు నెలలు దాటిన బిడ్డలకు ఒకే మోతాదుగా వేస్తారు. మీ పిల్లల డాక్టరును అడగండి.